గుత్తులు కోసి నేలపాలు చేస్తే ద్రాక్ష రుచి పెరుగుతుందా?

పాత గుంటూరు, డిసెంబరు 6

అందరికీ నమస్కారం. ద్రాక్షకూ నాకూ ఉన్న సంబంధం వేసవి మొదట్లో పట్నంబజారులో కిలో కొనడం వరకే. అయినా ఈ ప్రశ్న అడగక తప్పడం లేదు. మా అక్కయ్య, బావగారు ఎనిమిదేళ్ల క్రితం గుంటూరు వదిలి నాసిక్ వైపు వెళ్లారు. దిండోరి దగ్గర మూడెకరాల వైన్ ద్రాక్ష కౌలుకు చేస్తున్నారు. రకం కాబర్నే సోవిన్యో. ఒక వైనరీతో ఒప్పందం, కిలో లెక్కన ధర.

సెప్టెంబరు చివర కత్తిరింపు అయింది. ఇప్పుడు కాయ బఠాణీ గింజంత ఉంది. మొన్న వైనరీ తరఫున తోటలు చూసే ఉద్యోగి వచ్చి, రంగు తిరగకముందే మూడు గుత్తులకు ఒకటి చొప్పున కోసి కింద పడేయమన్నాడట. కాపు తగ్గితే నాణ్యత పెరుగుతుందట. పెరిగిన నాణ్యతకు ధర ఎంత పెంచుతారని బావగారు అడిగితే, అది పైవాళ్లతో మాట్లాడుకోవాలన్నాడట.

మా నాన్నగారు నలభై ఏళ్లు మిర్చి వేసిన మనిషి. ఈ సంగతి చెప్పగానే మంచం మీద లేచి కూర్చుని, "కాసిన కాయను చేతులారా కోసి పారేయమనేవాడు వ్యవసాయం చేసినవాడు కాదు" అన్నారు. బావగారికి రాత్రి నిద్ర లేదు. ఇందులో శాస్త్రం ఎంత, కొనేవాడి తెలివి ఎంత? తెలిసినవారు చెప్పండి.

మైలవరం మల్లె, డిసెంబరు 6

కోయమనండి, భయం లేదు. మా మల్లె తోటలో మేం చేసేది అదే కదా. చలికాలంలో నీళ్లు ఆపి పొదను ఎండగడతాం. తరువాత కొమ్మలన్నీ సగానికి కత్తిరించి, ఉన్న ఆకు కూడా దూసేస్తాం. చూసేవాళ్లకు తోట చచ్చిపోయినట్టే ఉంటుంది. మళ్లీ నీళ్లు పెట్టాక మార్చికల్లా మొగ్గ తెల్లగా విరగబూస్తుంది. కత్తెర పడని పొద ఆకు పెంచుకుంటూ కూర్చుంటుంది గానీ పువ్వు ఇవ్వదు. తీగ జాతి ఏదైనా అంతే.

నున్న కాటా, డిసెంబరు 6

మల్లె బాబూ, మీరు కోసేది కొమ్మను. అక్కడ కోయమంటున్నది కాయను. రెండూ ఒకటి ఎలా అవుతాయి? మీ మొగ్గల బుట్టలో మూడో వంతు కాలవలో పోయమంటే పోస్తారా?

నేను ముప్పై ఏళ్లుగా మామిడి కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి. మామిడి కంకికి వేల పూలు వస్తాయి, చివరికి నిలిచేది ఒకటో రెండో కాయలు. ఎంత మొయ్యగలదో చెట్టుకు తెలుసు, మిగిలింది అదే రాల్చుకుంటుంది. మనిషి వెళ్లి చెప్పాల్సిన పని లేదు. కొనేవాడు నాణ్యత అన్నప్పుడల్లా నేను వాడి ముఖం చూడను, జేబు చూస్తాను. సరుకు తక్కువ, ధర అదే. ఈ లెక్కలో ఎవరు బాగుపడతారో చెప్పడానికి చదువు అక్కరలేదు.

ఆకు లెక్క, డిసెంబరు 7

నేను ఉద్యాన శాస్త్రం చదివాను. నాలుగేళ్లు నాసిక్ చుట్టుపక్కల వైన్ తోటల్లోనే పనిచేసి, పెళ్లయ్యాక విజయవాడ వచ్చాను. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

బాబాయి గారూ, కొమ్మ కత్తిరింపు వేరు, గుత్తి కోత వేరు అని మీరు పట్టుకున్నది సరైన పాయింటు. కానీ చెట్టు తానే రాల్చుకుంటుందన్నది ద్రాక్షకు వర్తించదు. ద్రాక్షలో పూత దశలో కొన్ని పిందెలు రాలుతాయి, నిజమే. ఒకసారి పిందె నిలిచాక మాత్రం తీగ దాదాపు ఏదీ వదులుకోదు. మొయ్యలేకపోయినా మోస్తుంది. చక్కెర చాలకపోతే అన్నిటికీ తలా కొంచెం పంచి అన్నిటినీ చప్పగా ఉంచుతుంది. అప్పటికీ చాలకపోతే కాండంలో, వేరులో దాచుకున్న పిండి పదార్థాన్ని తీసి పెడుతుంది. ఆ అప్పు మరుసటి ఏడు తీరుస్తుంది. చిగురు నీరసంగా వస్తుంది, మొగ్గలో గుత్తి ఉండదు.

నాసిక్‌లోనూ మన వైపునా ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో వేసేది కాపు కోసం కాదు. ఒకటి రెండు మొగ్గలు మాత్రమే ఉంచి పొట్టిగా కోస్తారు. అప్పుడు వచ్చిన కొత్త కొమ్మల మొగ్గల్లో, నలభై నుంచి అరవై రోజుల మధ్య, కంటికి కనిపించని గుత్తి రూపం తయారవుతుంది. ఆ రోజుల్లో కొమ్మ మీద ఎండ పడాలి. గుబురుగా నీడ పడితే ఆ మొగ్గ గుత్తికి బదులు నులితీగ అవుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వేసే రెండో కత్తిరింపు ఆ గుత్తి ఉన్న మొగ్గ వరకు కోసి దాన్ని బయటికి పిలవడమే. అంటే ఈ ఫిబ్రవరిలో కోయబోయే పంట ఎంతో గత వేసవిలోనే సగం తేలిపోయింది.

ఇక అసలు ప్రశ్న. ఎకరాకు ఎన్ని టన్నులు అన్నది తీగకు తెలియదు. తన ఆకులెన్ని, తన కాయలెన్ని అన్నదే దానికి తెలుసు. పరిశోధనల్లో తేలిన లెక్క ఏమిటంటే, గ్రాము కాయ సరిగా పండాలంటే ఎనిమిది నుంచి పన్నెండు చదరపు సెంటీమీటర్ల ఆకు ఉండాలి. కాబర్నే గుత్తి సుమారు 150 గ్రాములు అనుకోండి, ఆకు నూటపది చదరపు సెంటీమీటర్లు అనుకోండి. గుత్తికి దగ్గరదగ్గర పద్నాలుగు, పదిహేను ఆకులు. కొమ్మకు పదిహేను మంచి ఆకులుండి ఒక గుత్తి ఉంటే దాన్ని ముట్టుకోనక్కరలేదు. ఎనిమిది ఆకులకు రెండు గుత్తులు వేలాడుతుంటే ఒకటి పోవాల్సిందే, లేకపోతే రెండూ పాడవుతాయి.

అందుకే మూడింట ఒకటి అని తోటంతా ఒకే మాట చెప్పినవాడు తీగను చూసి చెప్పలేదని నా అనుమానం.

బందరు రోడ్డు, డిసెంబరు 7

ఆకులు లెక్కపెట్టడం బాగానే ఉంది గానీ, వందల ఏళ్ల అనుభవాన్ని మనం ఇలా పక్కన పెట్టేయలేం. నేను ఒక పెద్ద హోటల్లో పదేళ్లు వైన్ విభాగం చూశాను. ఫ్రాన్స్‌లో 1935 నుంచి ప్రాంతాల వారీ నియమాలున్నాయి. ఏ ఊరి పేరు సీసా మీద వేసుకోవాలంటే హెక్టారుకు ఎన్ని హెక్టోలీటర్లు (ఒక్కోటి వంద లీటర్లు) మించకూడదో చట్టమే చెబుతుంది. బుర్గుండీలో అన్నిటికంటే పై శ్రేణి ఎర్ర వైన్లకు ఆ పరిమితి సుమారు 35 హెక్టోలీటర్లు. మన లెక్కలో ఎకరాకు రెండు టన్నుల ద్రాక్ష. కింది శ్రేణికి వెళ్లేకొద్దీ పరిమితి పెరుగుతుంది. తక్కువ కాపుకూ మంచి వైన్‌కూ సంబంధం లేకపోతే ఈ నియమం ఎందుకు పెట్టుకుంటారు? అక్కడి రైతులు పిచ్చివాళ్లా?

బావగారి తోటలో ఎకరాకు ఎంత వస్తుందో చెప్పండి. ఆరు, ఏడు టన్నులైతే అది మంచినీళ్లలాంటి వైనే.

శంకర్‌విలాస్ సెంటర్, డిసెంబరు 7

బందరు రోడ్డు గారి మాటకు నా అనుభవం తోడు. నేను చదువుకున్న రోజుల్లో హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్లు. చూడముచ్చటైన పెద్ద పెద్ద గుత్తులు, పందిరి కుంగిపోయేంత కాపు. తింటే నీళ్లు. తియ్యదనం 14, 16 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం లెక్క) దగ్గరే ఆగిపోయేది. ఎక్కువ కాస్తే రుచి ఉండదనడానికి ఇంతకంటే ఋజువు ఏం కావాలి?

ఆకు లెక్క, డిసెంబరు 8

పెద్దవారు అనాబ్-ఎ-షాహీని గుర్తు చేశారు, సంతోషం. కానీ అది రకం స్వభావం. కాపు తగ్గించినంత మాత్రాన అనాబ్ కాబర్నే అవదు. అరటిలో కర్పూరానికీ చక్కెరకేళికీ తేడా గెల బరువుతో వచ్చింది కాదు కదా.

బందరు రోడ్డు గారూ, ఫ్రెంచి రైతులు పిచ్చివాళ్లు కారు, చాలా తెలివైనవాళ్లు. 1907లో ఆ దేశపు దక్షిణాన లాంగ్‌డాక్ ప్రాంతంలో వైన్ ధర పడిపోయి లక్షల మంది రైతులు వీధుల్లోకి వచ్చారు. అవసరానికి మించిన సరుకు, దానికి తోడు కల్తీ. ఆ దెబ్బ తిన్న దేశం ముప్పై ఏళ్ల లోపు పరిమితుల చట్టం తెచ్చుకుంది. పేరున్న ఊరి సరుకు మార్కెట్‌లో ముంచెత్తకుండా చూసుకోవడం కూడా అందులో భాగమే. కాబట్టి ఆ 35 అంకెలో ఎంత రుచి, ఎంత వ్యాపారం అన్నది విడదీసి చూడాలి. పైగా అక్కడి నేల, అక్కడి చలి, అక్కడి ఎండ వేరు. చల్లటి చోట పంట పండడానికి రోజులు చాలవు, అందువల్ల కాపు తగ్గించడం వాళ్లకు అవసరం. నాసిక్‌లో ఎండకు కొరత లేదు.

అసలు పరీక్షించి చూసినవాళ్లు ఏమన్నారో చెబుతాను. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు నాపా లోయలో ఇదే కాబర్నే మీద పని చేసి 2004లో ఫలితం ప్రచురించారు. కొన్ని తీగలకు కత్తిరింపులో తక్కువ మొగ్గలు, కొన్నిటికి ఎక్కువ మొగ్గలు ఉంచారు. వేరే తీగలకు గుత్తులు కోసి కాపు తగ్గించారు. అన్నిటితో విడివిడిగా వైన్ చేసి, శిక్షణ పొందినవారితో రుచి చూపించారు. తక్కువ మొగ్గలుంచిన తీగల వైన్‌లో పచ్చి క్యాప్సికమ్ వాసన, వగరు, చేదు ఎక్కువ వచ్చాయి. ఎక్కువ మొగ్గలు, ఎక్కువ కాపు ఉన్న తీగల వైన్‌లో పండ్ల వాసన బాగా వచ్చింది. గుత్తి కోత వల్ల వచ్చిన తేడా అంతంత మాత్రమే.

విడ్డూరంగా ఉంది కదూ. కారణం ఊహించడం కష్టం కాదు. వేరు అంతే ఉంది, మొగ్గలు సగమయ్యాయి. ఆ బలమంతా ఉన్న కొద్ది కొమ్మల్లోకి వెళ్లి అవి పిచ్చిగా పెరుగుతాయి. ఆకు ఆకును కమ్మేస్తుంది. నీడలో ఉన్న గుత్తిలో ఆ పచ్చి వాసన పోదు. నీడలో ఉన్న ఆకు పొటాషియాన్ని కాయలోకి తోసేస్తుంది, రసంలో పులుపు చచ్చిపోతుంది. మల్లె గారి కత్తెర సిద్ధాంతం ఇక్కడ తిరగబడుతుంది: గట్టిగా కోస్తే తీగ పువ్వు వైపు కాదు, ఆకు వైపు పరుగెడుతుంది.

మైలవరం మల్లె, డిసెంబరు 8

ఒప్పుకున్నాను. మా పొదకు ఎండ కొరత లేదు, పందిరీ లేదు. అది గుర్తుకు రాలేదు.

బందరు రోడ్డు, డిసెంబరు 8

ఒక్క పరిశోధనతో తేల్చేస్తే ఎలా అమ్మా? నాపాలో జరిగింది నాసిక్‌లో జరగాలని లేదు, ఇప్పుడు మీరే చెప్పారు. ఫ్రాన్స్ అంకె పనికిరానప్పుడు కాలిఫోర్నియా అంకె ఎలా పనికొస్తుంది?

ఆకు లెక్క, డిసెంబరు 8

సరైన దెబ్బ కొట్టారు. అంకె పనికిరాదు, పద్ధతి పనికొస్తుంది.

ఆ పద్ధతి కొత్తది కాదు. వందేళ్లకు పైగా కిందట మాంపెల్లియేలో లూయీ రవాజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, అంటే మీ పక్షం మనిషే, ఒక తీగ ఇచ్చిన కాయ బరువును ఆ తీగ నుంచి కత్తిరింపులో వచ్చిన పుల్లల బరువుతో భాగించి చూడమన్నాడు. అయిదు నుంచి పది వస్తే తీగ సమతూకంలో ఉన్నట్టు. అయిదుకు బాగా తక్కువైతే తీగ ఆకు మీద పడింది, కాపు ఇంకా మొయ్యగలదు. పది దాటిపోతే నడ్డి విరుగుతోంది. ఇజ్రాయెల్‌లో 1980ల్లో ఇదే కాబర్నే మీద చూసినప్పుడు కూడా, పది వరకు కాపు పెంచినా వైన్ నాణ్యత తగ్గలేదు. న్యూయార్క్‌లో నెల్సన్ షాలిస్ అయితే కాంకర్డ్ ద్రాక్షకు దీన్ని ఏకంగా సూత్రం చేశాడు: కోసిన పుల్లలు తూకం వెయ్యి, మొదటి పౌండుకు (దాదాపు అరకిలో) ముప్పై మొగ్గలు ఉంచు, ఆపై ప్రతి పౌండుకూ పదేసి ఉంచు. బలమున్న తీగకు ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ. మన ఇళ్లల్లో వడ్డించినట్టే.

అందుకే మంచి నేలలో బలంగా ఉన్న తీగకు ఎకరాకు రెండు టన్నులే ఉంచితే అది నాణ్యత కాదు, ఆకు సాగు. మొరం నేలలో బక్కచిక్కిన తీగకు అయిదు టన్నులు ఉంచితే అది దురాశ.

బ్రాడీపేట మేడ, డిసెంబరు 9

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా మేడ మీద పెద్ద కుండీలో ద్రాక్ష తీగ ఉంది, బెంగుళూరు బ్లూ. నాలుగేళ్లుగా ప్రతి జనవరిలో ఒక విదేశీ వీడియో చూసి శ్రద్ధగా కత్తిరిస్తున్నాను. ఇంతవరకు గుత్తి మొహం చూడలేదు. ఆకులతో మా ఇంటి ముందు పందిరి మాత్రం అద్భుతం. నా తప్పు ఎక్కడుంది?

ఆకు లెక్క, డిసెంబరు 9

ఆ వీడియో మంచు కురిసే దేశానిది. అక్కడ తీగ చలికి ఆకు రాల్చి నిద్రపోతుంది, నిద్రలో ఉండగా కత్తిరిస్తారు. గుంటూరులో మీ తీగ నిద్రపోయేది ఎప్పుడు? ఏప్రిల్ మొదట్లో పొట్టిగా కోయండి, కొత్త కొమ్మలను ఎండ తగిలేలా పరచండి, సెప్టెంబరు చివర పెన్సిలంత లావున్న కొమ్మలను అయిదారు మొగ్గలు ఉంచి కోయండి. తోటల్లో మొగ్గలన్నీ ఒక్కసారి పగలడానికి హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు గానీ అది విషం, మేడ మీద పిల్లలు తిరిగే చోట వద్దే వద్దు. ఆకులు మీరే దూసేయండి, చాలు.

బ్రాడీపేట మేడ, డిసెంబరు 9

నాలుగేళ్లు! ధన్యవాదాలు తల్లీ.

నున్న కాటా, డిసెంబరు 9

శాస్త్రం విన్నాను, చాలావరకు అర్థమైంది. డబ్బు సంగతి ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి నేను మాట్లాడతాను.

వరుసకూ వరుసకూ ఎనిమిది అడుగులు, తీగకూ తీగకూ నాలుగు అడుగులు అనుకుందాం. ఎకరాకు 1,361 తీగలు. తీగకు అయిదు కిలోలైతే 6.8 టన్నులు. మూడు కిలోలకు దించితే 4.1 టన్నులు. కిలో నలభై రూపాయలని ఊరికే ఒక లెక్కకు అనుకోండి. మొదటి దానికి 2,72,000 చిల్లర, రెండో దానికి 1,63,000 చిల్లర. ఎకరాకు లక్షా తొమ్మిది వేలు నేల మీద పడ్డాయి. రైతు నష్టపోకుండా ఉండాలంటే ధర నలభై నుంచి అరవై ఆరున్నర దాటాలి. గుత్తులు కోసే కూలి అదనం. కౌలు తగ్గదు, మందు తగ్గదు, డ్రిప్పు నీళ్లు తగ్గవు.

ఇప్పుడు ఆ వైనరీ ఉద్యోగిని అడగండి: నాణ్యత నీ సీసాలోకి పోతుంది, నష్టం మా సంచిలోకి వస్తుంది, ఇది ఏ రవాజ్ లెక్క?

ప్రత్తిపాడు తేజ, డిసెంబరు 9

నున్న బాబాయి గారి మాటకు ఒక చిన్న చేర్పు. మిర్చి కోత అయ్యాక మేం కళ్లంలో ఆడవాళ్లను కూర్చోబెట్టి తాలు ఏరిస్తాం. అది కూడా పండిన సరుకు తగ్గించుకోవడమే, పైగా రోజు కూలి ఇచ్చి మరీ. ఎందుకు చేస్తాం? తాలు కలిసిన బస్తాకూ ఏరిన బస్తాకూ ధర తేడా యార్డులో ఆ రోజే కళ్ల ముందు కనిపిస్తుంది కనుక. తాలు బస్తా కూడా వేరే ధరకు పోతుంది, నేలపాలు కాదు. ద్రాక్షలో అలా కాదు. గుత్తి ఈ రోజు రాలుతుంది, దాని ఫలితం రెండేళ్ల తరువాత ఎవరి బల్ల మీదనో సీసాలో తెలుస్తుంది. మధ్యలో రైతుకు కనిపించేది ఏమీ లేదు. మొత్తుకునేది అందుకు.

బ్రిక్స్‌ను బట్టి ధర అని ఒప్పందంలో రాసుకున్నారా లేదా, అది ముందు తేల్చండి.

బందరు రోడ్డు, డిసెంబరు 10

ధర విషయంలో మీ అందరితో ఏకీభవిస్తాను. రుచి విషయంలో ఇంకా నా మాట నాదే. పది సంవత్సరాల్లో నేను రుచి చూసిన గొప్ప వైన్లలో ఎక్కువ కాపు తోటది ఒక్కటీ లేదు.

ఆకు లెక్క, డిసెంబరు 10

ఎక్కువ కాపు తోటల వైన్‌ను ఆ ధరకు సీసాలో పోసి మీ హోటల్‌కు ఎవరు అమ్ముతారండీ? మీ ముందుకు వచ్చేసరికే వడపోత జరిగిపోయింది.

బందరు రోడ్డు, డిసెంబరు 10

ఇది ఆలోచించాల్సిన మాట. ఒప్పుకున్నానని కాదు.

పాత గుంటూరు, డిసెంబరు 11

నాలుగు రోజులు మౌనంగా ఉన్నానని అనుకోకండి, అక్కడ లెక్క నడుస్తోంది. ఆకు లెక్క గారి మాటలు బావగారికి చదివి వినిపించాను. సెప్టెంబరు కత్తిరింపు పుల్లలు ఎవరూ తూకం వేయలేదు, ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. ఆకులు మాత్రం కొమ్మ మీదే ఉన్నాయి కదా అని అక్కయ్య నోటుపుస్తకం పట్టుకుని బయలుదేరింది. బావి వైపు నల్లరేగడి వరుసల్లో ఇరవై తీగలు, పైన మొరం వైపు ఇరవై తీగలు. ఒక్కో తీగకు మూడేసి కొమ్మలు లెక్కపెట్టింది.

బావి వైపు కొమ్మకు పదహారు, పద్దెనిమిది ఆకులు. గుత్తులు ఒకటి, అక్కడక్కడ రెండు. ఆకు ఎంత దట్టంగా ఉందంటే లోపలి గుత్తిని చూడడానికి చేత్తో పక్కకు తీయాల్సి వచ్చిందట. మొరం వైపు కొమ్మకు ఎనిమిది, తొమ్మిది ఆకులే. అక్టోబరు వానలకు బూజు తెగులు తగిలి కింది ఆకులు రాలిపోయాయి. గుత్తులు మాత్రం నిండుగా రెండేసి.

అంటే ఒకే తోటలో రెండు తోటలున్నాయి. మూడింట ఒకటి అన్న మాట రెండు చోట్లా తప్పే. ఇప్పుడేం చేయమంటారు? రంగు తిరగడానికి ఇంకా మూడు వారాలుంటుందని బావగారి అంచనా.

ఆకు లెక్క, డిసెంబరు 11

మీ అక్కయ్య గారికి నా నమస్కారాలు. నాలుగేళ్లలో నాకు ఇంత శ్రద్ధగా ఆకులు లెక్కపెట్టినవాళ్లు తగల్లేదు.

బావి వైపు గుత్తి ముట్టుకోవద్దు. అక్కడ కావలసింది గుత్తి కోత కాదు, ఆకు తీత. గుత్తుల దగ్గర ఉదయం ఎండ పడే తూర్పు వైపు మాత్రమే కొన్ని ఆకులు తీయించండి. పడమటి వైపు ఆకు జోలికి వెళ్లొద్దు, ఫిబ్రవరి మధ్యాహ్నపు ఎండకు కాయ వేడెక్కితే ఎర్ర రంగు కట్టదు. కాయ వేడి 35 డిగ్రీలు దాటితే రంగు తయారవడం కుంటుపడుతుంది.

మొరం వైపు బలహీనమైన కొమ్మకు ఒకటే గుత్తి. ఆరు ఆకుల లోపున్న కొమ్మకు అదీ వద్దు. అయితే ఇప్పుడే కోయకండి. కాయ చిన్నగా ఉండగా గుత్తులు తీసేస్తే మిగిలిన కాయలు ఉబ్బి ఆ లోటు కొంత పూడ్చుకుంటాయి. తినే ద్రాక్షలో అది లాభం. వైన్‌లో రంగూ వగరూ తొక్కలో ఉంటాయి, కాయ ఉబ్బితే రసం పెరిగి తొక్క వాటా తగ్గుతుంది. రంగు తిరగడం సగం దాటాక వెళ్లి, ఇంకా పచ్చగా వెనకబడిన గుత్తులను ఏరి కోయండి. అప్పుడు మిగిలినవన్నీ ఒక్కసారి పండుతాయి. గుత్తి కోత వల్ల నిజంగా కలిగే మేలు నా దృష్టిలో ఇదొక్కటే. ప్రత్తిపాడు గారి భాషలో చెప్పాలంటే, తీగ మీదే తాలు ఏరడం.

శంకర్‌విలాస్ సెంటర్, డిసెంబరు 11

తీగ మీదే తాలు ఏరడం! ఈ మాట మీ నాన్నగారికి చెప్పండి, ఆయన మళ్లీ మంచం మీద లేచి కూర్చుంటారు.

పాత గుంటూరు, జనవరి 9

మధ్యలో పండుగ పనులు, ఆలస్యమైంది. మొరం వైపు కోత అయింది. కొమ్మల సంగతి చూస్తే మూడింట ఒకటి కంటే ఎక్కువే పోయింది. బావి వైపు ఒక్కటీ కోయలేదు, ఆకు మాత్రం తీశారు. మొత్తం మీద చూస్తే అయిదింట ఒక వంతు కాపు తగ్గి ఉంటుంది. నాన్నగారికి తాలు మాట చెప్పాను. "అయితే ముందే ఆ మాట చెప్పి చావొచ్చు కదా" అన్నారు.

వైనరీ ఉద్యోగికి కోపం వచ్చింది. చెప్పినంత కోయలేదని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అక్కయ్య తన నోటుపుస్తకం తెచ్చి ఆకుల లెక్క చూపిస్తే, ఫొటో తీసుకుని వెళ్లాడు. ధర మీద మాత్రం కాస్త కదలిక వచ్చింది: 23 బ్రిక్స్ దాటిన సరుకుకు కిలోకు కొంత అదనం ఇస్తామని కాగితం మీద రాసి ఇచ్చారు. నున్న బాబాయి గారు చెప్పిన అరవై ఆరున్నరకు అది చాలా దూరం, కానీ ఇదివరకు అదీ లేదు.

బందరు రోడ్డు గారి కోసం ఒక పని చేశాం. మొరం వైపే రెండు వరుసలకు ఎర్ర గుడ్డ ముక్కలు కట్టి, గుత్తులు కోయకుండా వదిలేశారు. ఫిబ్రవరిలో ఆ రెండు వరుసల కాయ విడిగా కోసి, విడిగా తూకం, విడిగా బ్రిక్స్ చూస్తారు.

బందరు రోడ్డు, జనవరి 9

మంచి పని. ఫలితం ఎటు వచ్చినా ఇక్కడే రాయండి. రెండు వరుసల వైన్ కూడా విడిగా చేయించగలిగితే రుచి చూడడానికి నేను నాసిక్ వస్తాను, ఖర్చు నాదే.

ఆకు లెక్క, జనవరి 9

బ్రిక్స్ ఒక్కటే కాదు, పులుపు కూడా చూడమనండి. ఏప్రిల్ కత్తిరింపు పుల్లలు ఈసారి పొయ్యిలో పెట్టేముందు తూకం వేయమనండి.

నున్న కాటా, జనవరి 9

తూకం ఎవరి కాటా మీద?

పాత గుంటూరు, జనవరి 9

వైనరీదే బాబాయి గారూ. లారీతో పాటు తెస్తారు.

నున్న కాటా, జనవరి 10

అయితే ఫిబ్రవరి లోపు బావగారిని సొంతంగా ఒక కాటా కొనుక్కోమనండి.